రెండు పళ్లొచ్చాయా? ఇక తీసుకురండి

ఒంగోలులో పిల్లల పళ్ల డాక్టరుగా పనిచేస్తున్న నాకు బాగా అలవాటైపోయిన మాట ఒకటుంది. "పాల పళ్లే కదండీ, ఎలాగూ ఊడిపోయేవే!" ఈ మాట అనేవాళ్లకి బిడ్డ మీద ప్రేమ తక్కువేం కాదు. చెవులు కుట్టించడానికి మంచిరోజు చూస్తారు. టీకాల కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తారు. అన్నప్రాశనకి బంధువులందర్నీ పిలుస్తారు. నోటి సంగతి మాత్రం నొప్పి మొదలయ్యేదాకా ఎవరికీ పట్టదు. నొప్పి మొదలయ్యేసరికి బిడ్డకి మూడున్నరో నాలుగో ఏళ్లు వచ్చి ఉంటాయి. రాత్రంతా ఏడ్చి, బుగ్గ వాచి, నిద్ర లేని కళ్లతో వస్తాడు. నా ముఖం చూడటం కూడా వాడికి అదే మొదటిసారి. భయపడక ఏం చేస్తాడు?

నేను అడిగేది చిన్న సంగతే. మొదటి పన్ను కనబడ్డాక ఆరు నెలల లోపల, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజు నాటికి, బిడ్డని ఒకసారి పళ్ల డాక్టరుకి చూపించండి. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. అమెరికాలో పిల్లల దంతవైద్యుల అకాడమీ ఏళ్ల తరబడి చెబుతున్నదే. 2018 నవంబరులో పిల్లల దంతవైద్యుల అంతర్జాతీయ సంఘం బ్యాంకాక్‌లో సమావేశమై, పసిపిల్లల పుచ్చుపళ్ల మీద ఒక ప్రకటన తయారుచేసింది. అందులోనూ ఇదే మాట. ఇంగ్లండులో 2017లో 'డెంటల్ చెక్ బై వన్' అని ఏకంగా ఒక ప్రచారమే మొదలుపెట్టారు. డిసెంబరు సెలవులకి డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన మనవళ్లని ఇక్కడి అమ్మమ్మలు నా దగ్గరకి తీసుకొస్తుంటారు, "అక్కడి పిల్లల డాక్టరు ఏడాదికల్లా చూపించమన్నాడంట" అంటూ. పక్కింట్లో అదే వయసు పిల్లని మాత్రం ఎవరూ తీసుకురారు. సలహా మీద వీసా ముద్ర పడితేగానీ మన కంటికి ఆనదు!

"ఏడాది బిడ్డకి ఏం చూస్తారండీ, ఉన్నవే నాలుగు పళ్లు" అంటారు. ఎలా చూస్తానో చెబుతాను.

పెద్ద కుర్చీ జోలికి పోను. తల్లి ఒక స్టూలు మీద, నేను ఇంకో స్టూలు మీద, మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చుంటాం. బిడ్డ తల్లి ఒళ్లో, ఆమెకేసి తిరిగి, కాళ్లు ఆమె నడుముకి చెరోపక్క వేసి కూర్చుంటాడు. అలాగే మెల్లగా వెనక్కి వాలుస్తాం. తల నా ఒళ్లోకి వస్తుంది. పైకి చూస్తే నా ముఖం తలకిందులుగా కనబడుతుంది, కాస్త కళ్లు దించితే అమ్మ కనబడుతుంది. చేతులు అమ్మే పట్టుకుంటుంది. చాలామంది ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఏడ్చే బిడ్డ నోరు బాగా తెరుస్తాడు, నాకు కావలసింది కూడా అదే. చూపుడు వేలితో పై పెదవి ఎత్తి చిగురు అంచు చూస్తాను, తర్వాత కింది పెదవి, నాలుక, అంగిలి. వచ్చిన పళ్లేవో, రాబోతున్నవేవో వేలితో తడిమి చూస్తాను. రెండు మూడు నిమిషాల పని. అయిపోయేసరికి బిడ్డ మళ్లీ అమ్మ భుజం మీద ఉంటాడు, సగంమంది నాకు టాటా కూడా చెబుతారు.

నేను ముఖ్యంగా వెతికేది పై ముందు పళ్ల మీద ఒక గీత కోసం. చిగురుని ఆనుకుని, సున్నంతో గీసినట్టు పాలిపోయిన తెల్లటి గీత. పన్ను తడిగా ఉన్నంతసేపూ అది కనబడదు. గాజుగుడ్డతో పాచి తుడిచి కాస్త ఆరనిస్తే అప్పుడు తేలుతుంది. పుచ్చు మొదలయ్యేది ఇలాగే. పంటి పై పొరలోంచి ఖనిజం కరిగిపోతోంది గానీ గుంట ఇంకా పడలేదు. ఈ దశలో పట్టుకుంటే సూది అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. ఫ్లోరైడ్ వార్నిష్ అని ఒక జిగురు మందు ఉంటుంది, చిన్న బ్రష్‌తో పంటి మీద పూస్తాం, ఉమ్మి తగలగానే అతుక్కుపోతుంది. దానితోపాటు రాత్రి అలవాట్లు మారిస్తే గీత అక్కడితో ఆగుతుంది, పంటికి మెరుపు తిరిగొస్తుంది. ఎవరూ చూడక అలాగే వదిలేస్తే అదే గీత కొన్ని నెలల్లో పసుపుకి, గోధుమరంగుకి తిరుగుతుంది. పన్ను మెత్తబడుతుంది. బిస్కెట్ కొరికితే అంచు విరిగిపోతుంది. చివరికి చిగురు దగ్గర నల్లటి మొండి ముక్కలు మిగులుతాయి. "పన్ను పురుగు తినేసింది" అని మనవాళ్లనేది వీటినే.

ఇంట్లో మీరే ఈ పరీక్ష చేసుకోవచ్చు. నెలకోసారి, పగటి వెలుతురులో, బిడ్డ పై పెదవి ఎత్తి చూడండి. తెల్ల గీత కనబడితే నెలలు ఆగకుండా ఆ వారంలోనే రండి.

ఈ పుచ్చుకి ఒక చిత్రమైన లక్షణం ఉంది. పై ముందు పళ్లు నాలుగూ పోతాయి, వాటి కిందే ఉన్న కింది ముందు పళ్లు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. కారణం రాత్రి నోట్లో పెట్టిన పాలసీసాలో ఉంది. సీసా పీక నాలుక మీద ఆని ఉంటుంది, నాలుక కింది పళ్లని కప్పి కాపాడుతుంది. పైగా నాలుక కింద ఉమ్మి ఊరే గ్రంథులు ఆ పళ్లని ఎప్పుడూ కడుగుతూ ఉంటాయి. పై పళ్లకి ఈ రెండు కాపలాలూ లేవు. బిడ్డ నిద్రలోకి జారగానే మింగడం తగ్గుతుంది, ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. పాచిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లం వదులుతాయి. పాల పళ్ల మీది ఎనామిల్ పొర పెద్ద పళ్ల మీది పొరలో సగం మందమే ఉంటుంది, కాబట్టి తొందరగా కరిగిపోతుంది. ఈ సీసా సంగతి మీద అమెరికాలో ఎలియాస్ ఫాస్ అనే దంతవైద్యుడు 1962లోనే రాశాడు. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ మన ఇళ్లలో రాత్రి రెండింటికి అదే సీసా.

సీసాలో ఒట్టి పాలుంటే ఒక తీరు. మన దగ్గర పంచదార లేని పాలంటే బిడ్డకి అన్యాయం చేసినట్టే లెక్క. ఆ మధ్య ఒక నాయనమ్మగారు మనవరాలిని ఎత్తుకుని వచ్చారు. పిల్లకి పదకొండో నెల.

"రాత్రి పాలల్లో ఏం కలుపుతారు పెద్దమ్మా?"

"ఏమీ కలపనమ్మా. రవ్వంత పంచదార, అంతే."

"రవ్వంత అంటే?"

"ఒక చెంచా... తాగకపోతే ఇంకో చెంచా."

"ఎన్నిసార్లు లేస్తుంది?"

"మూడుసార్లు. ఒక్కోసారి నాలుగు."

పక్కనే నిలబడ్డ కోడలు నేలకేసి చూస్తోంది. ఇలాంటప్పుడు నేను అత్తాకోడళ్ల మధ్య తీర్పరిని కాకుండా జాగ్రత్తపడతాను. పంచదార మానెయ్యమని ఒక్కసారిగా చెబితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, మర్నాటికి మళ్లీ చెంచా బయటికొస్తుంది. అందుకని వారం వారం తగ్గించమంటాను. ముందు చెంచాలో సగం, తర్వాత పావు, తర్వాత ఒట్టి పాలు, ఆ తర్వాత పాలల్లో కొంచెం కొంచెంగా నీళ్లు పెంచుతూ చివరికి రాత్రిపూట ఒట్టి నీళ్లు. ఏడాది దాటాక సీసాని మాన్పించి గ్లాసో గిన్నో పట్టించమంటాను. మన పాత ఉగ్గుగిన్నెలో పళ్లకి ఇబ్బంది పెట్టేదేమీ లేదు, దానితో ఎవరూ బిడ్డని రాత్రంతా పడుకోబెట్టలేరు గనక. దాన్ని అటకెక్కించి ప్లాస్టిక్ పీక తెచ్చుకోవడం నాకెప్పుడూ మంచి బేరంగా అనిపించలేదు.

పంచదార ఒక్క పాలల్లోనే ఉండదు. పాలల్లో ముంచిన గ్లూకోజ్ బిస్కెట్, మాల్ట్ పొడి, ఏడుపు ఆపడానికి పీకకి రాసే తేనె, నెలల తరబడి వాడే తియ్యటి సిరప్పులు, అన్నీ లెక్కలోకొస్తాయి. తేనె గురించి వేరుగా చెప్పాలి. ఏడాది లోపు బిడ్డకి తేనె అసలే పెట్టకూడదు. అందులో ఉండగల ఒకరకం బాక్టీరియా ఆ వయసు బిడ్డల నరాల మీద దెబ్బకొట్టగలదు. సిరప్పులు డాక్టరు రాసినవైతే ఆపమనను. వేశాక రెండు చెంచాల నీళ్లు తాగించండి. ఐరన్ చుక్కల మందు వల్ల పళ్లు నల్లబడ్డాయని కంగారుగా వచ్చేవాళ్లున్నారు. అది పైపై మరక, శుభ్రం చేస్తే పోతుంది, పుచ్చు కాదు.

తల్లిపాల గురించి అడుగుతారు, తప్పకుండా. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దని, ఆ తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పళ్ల కోసం పాలు మాన్పించమని నేనెప్పుడూ చెప్పను. ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లోనే పెట్టుకుని పడుకునే బిడ్డకి, పగలు తీపి కూడా తింటుంటే, పళ్లు తోమకపోతే, పుచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి పడుకోబెట్టే ముందు పళ్లు తోమండి, తీపి తగ్గించండి. పాలు మీ ఇష్టం.

తోమడం అంటే చాలామందికి మూడో ఏడు వచ్చాక, బడికి పంపే ముందు గుర్తొచ్చే పని. పళ్లు రాకముందు తడిగుడ్డతో చిగుళ్లు తుడిస్తే చాలు. మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే మెత్తటి బ్రష్, దాని మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడుగునా పాములా పరిచే పేస్టు అమ్మకాల కోసం, బిడ్డ కోసం కాదు. మూడేళ్లు దాటితే బఠానీ గింజంత. ఉమ్మేయడం రాని బిడ్డకి మిగిలిన నురుగు గుడ్డతో తుడిచేయండి. ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందేమో చూడండి. పిల్లల బొమ్మలున్న పేస్టులు కొన్నింటిలో అది సగమే ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. రోజూ రెండుసార్లు, ఒకపూట తప్పినా రాత్రిది మాత్రం తప్పొద్దు. బిడ్డని ఒళ్లో పడుకోబెట్టుకుని తల వైపు నుంచి తోమితే నోరంతా కనబడుతుంది. "మావాడు తనే తోముకుంటాడండీ" అని గర్వంగా చెబుతారు. తోముకోనివ్వండి, ఆ తర్వాత మీరు మళ్లీ తోమండి. ఏడెనిమిదేళ్లదాకా ఆ పని పెద్దవాళ్లదే. ఎర్ర పళ్లపొడి, బొగ్గు, ఇటుకపొడి మాత్రం పసిపిల్లల దగ్గరికి రానివ్వకండి. పాల పంటి పొర అరిగిపోతుంది.

తొలిసారి వచ్చినప్పుడు నేను తల్లి నోరు కూడా చూస్తాను. కొందరికి కోపమొస్తుంది, బిడ్డని చూడమంటే నన్ను చూస్తారేంటి అని. పుట్టిన బిడ్డ నోట్లో పుచ్చు తెచ్చే స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనే జీవి ఉండదు. అది ఎక్కువగా తల్లి నుంచి, లేకపోతే బిడ్డని ఎత్తుకు తిరిగేవాళ్ల నుంచి, ఉమ్మి ద్వారా చేరుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసిన చెంచాతోనే బిడ్డకి పెట్టడం, కిందపడ్డ పీకని మన నోట్లో పెట్టుకుని శుభ్రం చేసి మళ్లీ ఇవ్వడం, ఇవన్నీ దారులే. దీన్ని పట్టుకుని బిడ్డని ముద్దుపెట్టుకోవద్దని ఊదరగొట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు, మన ఇళ్లలో జరిగే పని కూడా కాదు. అమ్మకో నాయనమ్మకో నోట్లో ఉన్న పిప్పి పళ్లు బాగుచేయించండి, దానివల్ల లాభం ఎక్కువ. గర్భిణిగా ఉన్నప్పుడే చూపించుకుంటే మరీ మంచిది. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్లకి వైద్యం చేయించుకోవడానికి అనువైన సమయం.

మా ప్రాంతం నుంచి వచ్చేవాళ్లని నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. "ఏ నీళ్లు తాగుతారు?"

కనిగిరి, పొదిలి, దర్శి, పామూరు వైపు నుంచి మా దగ్గరకి చాలామంది వస్తారు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలకీ పళ్లకీ వచ్చే జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక ఈ నేల మీదనుంచే వెళ్లింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలో చూసింది ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ప్రకాశం జిల్లా అప్పటికి పుట్టనే లేదు. తర్వాత నల్గొండ పేరు అంతకన్నా ఎక్కువ వినబడింది. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. కుటుంబంలో మూడు తరాలవాళ్లకి గార పళ్లుంటే, "మా ఊరోళ్ల పళ్లు ఇంతేనండీ" అని సర్దుకుపోతారు.

సర్దుకుపోనక్కర్లేని సంగతి ఒకటుంది. ఏడేళ్లప్పుడు బయటికొచ్చే పై పెద్ద పళ్లకి ఎనామిల్ పొర తయారయ్యేది బిడ్డ పుట్టాక మొదటి మూడు నాలుగేళ్లలో, దవడ ఎముక లోపల. అప్పుడు ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడే తర్వాత తెల్ల మచ్చలుగా, గోధుమరంగు చారలుగా కనబడుతుంది. మచ్చలు కనబడ్డాక నీళ్లు మార్చినా ఆ పళ్లకి చేసేదేం లేదు. ఏడాది బిడ్డని తెస్తే చేసేది చాలా ఉంది. తల్లిపాలల్లో ఫ్లోరైడ్ చాలా చాలా తక్కువ, తల్లి ఆ ఊరి నీళ్లే తాగుతున్నా సరే. డబ్బాపాల పొడిని బోరు నీళ్లతో కలిపితే ప్రతి సీసాలోనూ ఫ్లోరైడ్ పోసినట్టే. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఇంకి చిక్కబడుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన ప్రమాణాలు. మీ బోరు నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడిగితే చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అలాంటి ఊరి బిడ్డకి ఏ పేస్టు, ఎంత, ఎప్పటినుంచి అన్నది నీళ్ల సంగతి తెలిశాకే చెబుతాను. ఒంగోలు బిడ్డకి చెప్పిన సలహా కనిగిరి బిడ్డకి అచ్చంగా అలాగే పనికిరాదు. ఏ వీడియో చూసినా ఈ ముక్క దొరకదు, అందుకే మనిషికి చూపించమనేది.

పళ్లు వచ్చేటప్పటి సందేహాలు కొన్ని. జ్వరమొచ్చినా, విరేచనాలైనా "పళ్లొస్తున్నాయిలే" అని ఊరుకుంటారు. చొంగ కారడం, చిరాకు, కనబడ్డదల్లా కొరకడం, ఒళ్లు కాస్త వెచ్చబడటం, అంతవరకూ పళ్ల ఖాతాలో వేయొచ్చు. 101, 102 జ్వరమో, నీళ్ల విరేచనాలో పళ్ల వల్ల రావు. సరిగ్గా ఆరో నెల దాటాక తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది, అప్పుడే బిడ్డ పాకుతూ నేల మీదున్నవన్నీ నోట్లో పెట్టుకుంటాడు. రెండూ ఒకే వయసులో జరగడంతో నేరం పంటి మీద పడుతుంది. పిల్లల డాక్టరుకి చూపించండి. చిగుళ్లకి రాసే తిమ్మిరి జెల్లులు రెండేళ్ల లోపు పిల్లలకి వద్దు. వాటిలో ఉండే బెంజోకైన్ వల్ల రక్తం ప్రాణవాయువుని మోసుకెళ్లలేని స్థితి రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. శుభ్రమైన గుడ్డని తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి నమలనివ్వండి, చాలు.

ఏడాదికి ఒక్క పన్నూ రాలేదని దిగులుపడేవాళ్లు కాస్త ఆగొచ్చు. పద్దెనిమిది నెలలు దాటినా రాకపోతే మాత్రం చూపించాలి. ఇక పై పళ్లు ముందొస్తే మేనమామకి కీడని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. కొందరు మేనమామలు బిడ్డని తీసుకుని స్వయంగా నా దగ్గరకే వచ్చారు! వాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఏ పన్ను ముందొచ్చినా ఇరవై పాల పళ్లూ మూడేళ్ల లోపు పూర్తవుతాయి, మామకేం ఢోకా లేదు. రెండు మూడు వేల కాన్పుల్లో ఒక బిడ్డ పన్నుతోనే పుడుతుంది. అది బాగా కదులుతుంటే ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది, నాలుక కింద ఒరుసుకుని పుండు పడొచ్చు. శాంతి చేయించాలనుకుంటే చేయించుకోండి, ముందు పన్ను చూపించండి.

మొదట్లో చెప్పిన మాట దగ్గరికి వస్తాను, ఊడిపోయే పళ్లే కదా అన్నదానికి. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్లదాకా ఉంటాయి. అన్నం నమిలేది వాటితోనే. "అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చుంటుందండీ" అని తల్లులు విసుక్కుంటారు. ఆ పిల్లల్లో కొందరి దవడ పంట్లో నేను వేలెడితే అరుస్తారు. నొప్పి అని చెప్పడం తెలియక నమలడం మానేస్తారు, పైగా బుగ్గలో నిలవున్న అన్నం ఇంకా పుచ్చిస్తుంది. పాల దవడ పన్ను ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కిందనుంచి వచ్చే పెద్ద పంటికి చోటుండదు. వేళ్ల దగ్గర చీము పడితే కింద తయారవుతున్న పెద్ద పన్ను మచ్చతోనో గుంటతోనో బయటికొస్తుంది. ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తాను. ఆరేళ్లకి చిట్టచివర ఏ పన్నూ ఊడకుండానే నాలుగు దవడ పళ్లు వస్తాయి. అవి జీవితాంతం ఉండాల్సినవి. పాల పళ్లే అనుకుని పుచ్చనిచ్చేస్తారు.

మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్లు కనబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా పాల పళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకి పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక లెక్కగట్టింది. ఆ లెక్కల్లో ఒకడు నాలుగేళ్ల వయసులో నా దగ్గరికొచ్చినప్పుడు చేయాల్సిన పని చూడండి: మత్తు సూది, వేళ్లలోంచి చీము తీసి శుభ్రం చేయడం, స్టీలు తొడుగు, ఒక్కోసారి పళ్లన్నీ ఒకేసారి బాగుచేయడానికి ఆపరేషన్ థియేటర్లో పూర్తి మత్తు. ఇవన్నీ చేస్తాం, బాగానే చేస్తాం. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు ఒకటుంది, చుక్క వేస్తే పుచ్చు అక్కడితో ఆగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది కూడా. పుచ్చినచోటు నల్లగా మారుతుందని ముందే చెబుతాను. "ఆడపిల్లండీ, ముందు పళ్లు నల్లబడితే ఎలా?" అంటారు. పుచ్చి గోధుమరంగుకి తిరిగినప్పుడు లేని బెంగ అప్పుడొస్తుంది.

ఇంకో మాట, కాస్త కోపంగానే చెబుతాను. "అల్లరి చేశావంటే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అని ఇంట్లో బెదిరిస్తారు. ఆ బిడ్డ నా గుమ్మం దగ్గరే చెప్పులు విప్పనని మొండికేస్తాడు. ఏడాది వయసు నుంచి ఆరు నెలలకోసారి వచ్చే పిల్లలు లోపలికి రాగానే నీళ్లు చిమ్మే గొట్టం ఎక్కడుందో వెతుకుతారు. వాళ్లకి ఏదైనా వైద్యం చేయాల్సొచ్చినా పని సులువు. మాతో కాకుండా పోలీసులతో భయపెట్టుకోండి, వాళ్లకి అలవాటే.

పిల్లల పళ్ల స్పెషలిస్టు మీ ఊళ్లో లేకపోతే ఆగిపోనక్కర్లేదు. ఓపికగా పెదవి ఎత్తి చూసే ఏ బీడీఎస్ డాక్టరైనా ఈ తొలి పరీక్ష చేయగలరు. ప్రభుత్వ దంత కళాశాలల్లో పిల్లల విభాగం వేరే ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి వైద్య బృందం రావాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల్లో పుచ్చుపళ్లు కూడా ఉన్నాయి. బృందం వచ్చిన రోజు మా పాప నోరు కూడా చూడండని అడగండి. అడిగినచోట చూస్తారు, అడగనిచోట బరువు, ఎత్తు రాసుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

వచ్చేటప్పుడు ఉదయం పూట, బిడ్డ నిద్ర తీరి హుషారుగా ఉన్నప్పుడు రండి. కడుపునిండా పాలు పట్టిన వెంటనే వద్దు, వెనక్కి వాలిస్తే నా ఒళ్లో కక్కేస్తాడు. వాడే బ్రష్, పేస్టు, పాలసీసా, సిరప్పులు ఒక సంచిలో వేసుకురండి. చెప్పిన దానికన్నా సంచి చూస్తే నాకు ఎక్కువ తెలుస్తుంది. తాగేది బోరు నీళ్లో, క్యాన్ నీళ్లో, పంచాయతీ నీళ్లో కనుక్కుని రండి. రాత్రిళ్లు బిడ్డని పడుకోబెట్టేది నాయనమ్మో అమ్మమ్మో అయితే ఆవిడని కూడా తీసుకురండి. పంచదార చెంచా ఎవరి చేతిలో ఉందో నేను మాట్లాడాల్సింది వాళ్లతోనే.